పేరు కాదు, నంబరు

2012లో మా కాలేజీ కుర్ర లెక్చరరు కంప్యూటరులో ఫెడోరా పాత కూర్పు తీసేసి 16వది యెక్కించాడు. ఫైళ్లున్న భాగాన్ని ముట్టుకోలేదు. తీరా తెరవబోతే తన సిద్ధాంత వ్యాసమే "అనుమతి లేదు" పొమ్మన్నది! గడువు నాలుగు రోజులు. "పేరు నాదేగదండీ, మాస్టారూ!" అని లబలబలాడాడు.

యంత్రానికి పేరుతో పనేమిటి? లాండ్రీవాడు బట్టకు గుర్తువేసినట్లు ఫైలుకు యజమాని నంబరే వేసుకుంటుంది. అంతకుముందు ఫెడోరాలో మొదటి వాడుకరి నంబరు 500; 2011లో వచ్చిన 16వ కూర్పునుంచి 1000. ఇతగాడు తన ఇంటికే పరాయివాడైనాడన్నమాట.

యెవరో 777 కొట్టమన్నారట. వద్దన్నాను. అది తాళం తీయటం కాదు సుమండీ, తలుపులు పీకేయటం. ఆ యంత్రం వాడే ప్రతివాడూ చదవవచ్చు, చెరపవచ్చు. రూటు అధికారంతో, చోన్ ఆజ్ఞ ఇప్పించి, అతని ఫోల్డరు వరకే 1000 పేర రాయించాను. అయిదో ప్రకరణం తెరుచుకున్నది.