మూత లెక్క

బొగ్గు బాయిలో ఇరవై తొమ్మిదేళ్లు మైనింగ్ సర్దారు పని చేశాను. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు పోయి, పైకప్పు తట్టి చూసి, గ్యాస్ కొలిచి, పుస్తకంలో సంతకం పెట్టాకే మిగతావాళ్లను లోపలికి రానిచ్చేవాణ్ని. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి పట్టుకుంటే, గ్యాస్ ఉన్నచోట మంట మీద లేత నీలి పొర లేస్తుంది. అది ఎంతెత్తు లేచిందన్నదే మా లెక్క. తర్వాత మిషన్లు వచ్చాయి. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాల్సిందే. ఆ రోజు టార్గెట్ ఎంతున్నా సరే. అలాంటి నేను రిటైరై నస్పూర్‌లో కూర్చుని, మనవరాలి చేపల తొట్టిలో మందు మాత్రం అంచనాకు పోశాను.

పోయిన వానాకాలం సంగతి. నల్లా నీళ్లలో క్లోరిన్ విరగ్గొట్టే మందు సీసా అయిపోయింది. మంచిర్యాలలో షాపుకు వెళ్తే ఆ కంపెనీది లేదట. ఇంకొకటి చేతిలో పెట్టాడు. "ఎంత పొయ్యాలె తమ్మీ?" అంటే, "అదే లెక్క కాకా, అన్నీ ఒక్కటే" అన్నాడు.

ఆ రోజు బకెట్లో నల్లా ధార పడుతుంటేనే బ్లీచింగ్ వాసన ముక్కుకు కొట్టింది. వానలకు గోదావరి ఎర్రబడినప్పుడు క్లోరిన్ ఎక్కువ వేస్తారు, వేయాలి కూడా. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు. వాంతులు విరేచనాలతో వార్డులు నిండిన రోజులు చూసినవాణ్ని. రెండు బకెట్ల పాత నీళ్లు తీసి, రెండు బకెట్ల కొత్త నీళ్లు పోసి, ఎప్పటిలాగే పావు మూత మందు వేశాను.

గంట తిరగకముందే మనవరాలు కేకేసింది. "తాతా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్." అయిదు గోల్డ్ ఫిష్‌లూ నీటి పైపొర దగ్గర మూతులు పెట్టి ఆవులిస్తున్నాయి. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఒకటి మూలకు ఒరిగిపోయింది. క్లోరిన్ మొప్పల పలచటి పొరను కాలుస్తుంది. చుట్టూ నీళ్లున్నా, నీళ్లలో గాలి ఉన్నా చేపకు ఊపిరి అందదు. రాత్రికి రెండు పోయాయి.

అప్పుడు తీశాను భూతద్దం. పాత సీసా మీద 200 లీటర్లకు 5 ఎంఎల్ అని ఉంది. కొత్తదాని మీద 10 లీటర్లకు 5 ఎంఎల్. ఇరవై రెట్ల తేడా! పైగా ఈ మూత ఆ మూతంత లేదు. మాది యాభై లీటర్ల తొట్టి. పాత మందు పావు మూత పోసినచోట కొత్తది ఆ పాత మూతతోనే అయిదు మూతలు పోయాలి. ఇదంతా చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. తెలుగు ముక్క ఒక్కటి లేదు.

అదేమైనా బ్రహ్మ పదార్థమా అంటే కాదు. ఇలాంటి సీసాల్లో చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేట్. పాతకాలం ఫోటో స్టూడియోల్లో చీకటి గదిలో 'హైపో' అనేవాళ్లే, అది. కోస్తాలో రొయ్యల హేచరీలవాళ్లు సముద్రపు నీటికి క్లోరిన్ పెట్టి, ఆ తర్వాత దాన్ని విరగ్గొట్టేదీ దీనితోనే. ఒక పాలు క్లోరిన్‌కు ఏడు పాళ్ల హైపో పలుకులు చాలు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉందనుకున్నా, నా రెండు బకెట్ల ముప్పై లీటర్లకు పావు గ్రాము కూడా అక్కర్లేదు. మిగతాదంతా నీళ్లు, రంగు, సీసా మీది బొమ్మ. కొన్ని ఖరీదైన మందులు అమ్మోనియాను కూడా పట్టి ఉంచుతాయి, వాటి సంగతి వేరు. మా పక్కింటాయన బోరు నీళ్లకు కూడా ఈ మందు పోస్తాడు. బోరులో క్లోరిన్ ఎక్కడిది అంటే వినడు.

మా ఇంటావిడైతే సీసాయే దండగ అంటుంది. వెడల్పాటి టబ్బులో నీళ్లు పట్టి, గాలి మోటారు పెట్టి, ఒక రోజు వదిలేస్తే క్లోరిన్ దానంతటదే పోతుందని ఆమె వాదన. ఉత్త క్లోరిన్ కలిపిన నీళ్లకు అది నిజమే. క్లోరిన్‌కు అమ్మోనియా జోడించి చేసే క్లోరమిన్ కలిపితే అట్లా పోదు.

కంపెనీ మార్చడం తప్పు కాదు. మూత లెక్కను ఒక సీసా నుంచి ఇంకో సీసాకు మోసుకుపోవడం తప్పు, అది నా తప్పే. కానీ అమ్మేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాతో ప్రాంతీయ భాషలో కరపత్రం ఇవ్వాలని 1971 నాటి నిబంధనల్లో ఉంది. రైతు చదివినా చదవకపోయినా అది డబ్బాతో వస్తుంది. చేపల మందు సీసా మీద రెండు ముక్కలు, లోపల ఏముంది, ఎన్ని లీటర్లకు ఎన్ని ఎంఎల్ అన్నది, తెలుగులో వేయడానికి ఏం ఖర్చవుతుంది? నీళ్లవాళ్ల దగ్గర క్లోరోస్కోపు ఉంటుంది. నీళ్లలో చుక్కలు వేస్తే తేలే పసుపు రంగును బట్టి క్లోరిన్ ఎంతుందో చెప్పేస్తారు. ఆ రోజు అంకె ట్యాంకు గోడ మీద సుద్దముక్కతో రాసినా మాలాంటివాళ్లకు చాలు.

తర్వాతి వారం మళ్లీ షాపుకు పోయి ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టి చెప్పాను. తిట్టలేదు. "నిజమే కాకా, నువ్వే రాసియ్యి" అన్నాడు. తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో '10 లీటర్లకు 5 ఎంఎల్' అని రాసిచ్చాను. సీసాలున్న అర అద్దానికి సెలోటేపుతో అతికించాడు.

మొన్న చేపల మేత కోసం పోయాను. కాగితం అట్లాగే ఉంది. దాని వెనక సీసాలు మాత్రం ఇంకో కంపెనీవి.