గొంతొకరిది, మీట మరొకరిది

మైకు పేరెత్తితే చాలు, మన చదువుకున్నవాళ్ళలో చాలామంది ముఖం చిట్లిస్తారు. ధ్వనికాలుష్యం అంటారు, నిషేధించాలంటారు. పాతబస్తీ ఇరుకు గల్లీలో ఏళ్ళ తరబడి కాపురముంటున్నవాణ్ణి గనుక ఆ బాధ నాకు తెలియనిది కాదు. పెళ్ళి ఊరేగింపు డీజే బండి కిటికీ కిందుగా వెళ్తుంటే మా వంటింటి అలమారలోని స్టీలు గిన్నెలు కూడా తాళం వేస్తాయి. అయినా ఈ టపాలో నేను వాదించదలచుకున్నది శబ్దవర్ధకానికి అనుకూలంగానే. పాడేవాడి పక్కన, అతని చేతికందేంత దూరంలో, బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె పక్షాన నా వకాల్తా. ఆ పెట్టెనూ డీజే బండినీ ఒకే గాటన కట్టేవారితోనే నా పేచీ.

2024 అక్టోబరు 1న హైదరాబాదు పోలీసు కమిషనరు సి.వి. ఆనంద్ మతపరమైన ఊరేగింపులలో డీజేలనూ బాణసంచానూ నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందే గణేశ నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు రెండూ జరిగాయి. ఆ ఉత్తర్వును నేను స్వాగతించాను, ఇప్పటికీ స్వాగతిస్తాను. కానీ ఆ తరువాత జరిగిన చర్చంతా "సౌండు ఉండాలా, వద్దా" అనే మాట దగ్గరే ఆగిపోయింది. ఎవరి సౌండు, ఎంత, ఎక్కడిదాకా అని అడిగినవాడు లేడు. అడగవలసినదల్లా అదే.

కాస్త లెక్క చూద్దాం. శబ్దతీవ్రత 10 డెసిబెళ్ళు పెరగాలంటే విద్యుచ్ఛక్తి పదిరెట్లు కావాలి, కానీ మన చెవికి అది సుమారు రెండింతలుగా మాత్రమే తోస్తుంది. ఒక గాయకుడి పక్కన 20 వాట్ల పెట్టె ఉందనుకోండి. దాని బదులు 20,000 వాట్ల బండి తెచ్చారనుకోండి. స్పీకర్ల సామర్థ్యం ఒకటే అనుకుంటే, వెయ్యిరెట్ల శక్తితో చెవికి దక్కేది ఎనిమిదింతల మోత! మిగిలిందంతా జనరేటరు పొగ, గోడల వణుకు. పైగా ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్ళు తగ్గే శబ్దం, రెండువైపులా మేడలున్న గల్లీలో గోడలకు కొట్టుకుని అంత త్వరగా తగ్గదు. మైదానానికి చేసిన యంత్రాన్ని మొఘల్‌పురా సందులోకి తోస్తున్నామన్నమాట. ఇక ఆ బండిలోని పెద్ద స్పీకర్లు పుట్టించే మంద్రధ్వని తలుపులు మూసినా ఆగదు, గోడల్లోంచి వచ్చి ఛాతీలో తగులుతుంది. చిన్న పెట్టెకు అంత మంద్రం పలికించే శక్తి లేదు. దాని లోపమే మన పాలిటి వరం.

సరే, ఇరుగుపొరుగుల మాట అలా ఉంచండి. ఈ బండి వల్ల అందరికంటే ముందు నోరు పోగొట్టుకున్నది సంగీతకారుడు. మర్ఫా సంగతే తీసుకోండి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళపు సిద్దీలూ, బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బులూ ఈ ఊరికిచ్చిన వాద్యమది. హిందువుల పెళ్ళికీ ముస్లిముల పెళ్ళికీ అదే మోగింది. దానికి మైకు అవసరమే లేదు. డప్పుకూ లేదు. మంట మీద చర్మం కాచి బిగువు తెప్పించిన డప్పు లాల్‌దర్వాజా బోనాలలో పోతురాజును ఆడించడానికి ఏనాడూ కరెంటు అడగలేదు. అటువంటి వాద్యాల పక్కకు డీజే బండి వచ్చి నిలబడితే వాయించేవాడి చేతులు కదలడం కనబడుతుంది గానీ దెబ్బ వినబడదు. వినబడని వాద్యానికి డబ్బెవడిస్తాడు? అందుకే బ్యాండు మేళాలు కొన్ని ఎలక్ట్రానిక్ ప్యాడ్లను బండికెక్కించి, వాటిలోంచి తీన్మార్ దరువులు పలికిస్తున్నాయి. ఆ ప్యాడ్ల మీద ఒక్కడు పుల్లలు ఆడిస్తే పదిమంది దరువు వస్తుంది. మరి ఆ పదిమందిలో తొమ్మిదిమంది ఏమైనట్టు? బతుకుతెరువు మాట ఎత్తకుండా మోత గురించి మాట్లాడడం నా దృష్టిలో సగం మాటే.

అయితే శబ్దవర్ధకం నిజంగా కావలసినవాళ్ళు ఉన్నారు. మొహర్రం పదోరోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. అక్కడ వాద్యాలుండవు. గుండెల మీద పడే చేతుల చప్పుడు, నౌహా చదివే గొంతు, అంతే. వేలమంది నడుమ నడుస్తూ చదివే ఆ గొంతు పది వరుసల వెనక్కి చేరాలంటే చేత మోసుకుపోయే యంత్రం కావలసిందే. ఖవ్వాలీ సంగతీ అంతే. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ వంటి ఖవ్వాలు 1971లో పద్మశ్రీ అందుకున్న ఊరు మనది. తబలా, హార్మోనియం, చప్పట్లు ఇన్నింటి మీదుగా మాటలోని అర్థం శ్రోతకు చేరకపోతే ఖవ్వాలీకి ప్రాణం లేదు.

"సంగీతమంటే సహజంగా ఉండాలండీ, మైకెందుకు" అనే మిత్రులు కొందరున్నారు. వారితో ఒక్కమాట. ఖవ్వాలు ముందున్న హార్మోనియమే ఐరోపా నుంచి వచ్చిన యంత్రం. ఒక యంత్రం పాతబడిందని సంప్రదాయమైపోయింది, మరొకటి కొత్తది గనుక అపచారమైంది! నాకు యంత్రంతో తగవు లేదు. దాని మీట ఎవరి చేతిలో ఉందన్నదే నా ప్రశ్న.

మన మైకు సెట్టు పద్ధతి చూడండి. గాయకుడు ఇక్కడ, పెట్టెలు అటు జనం వైపు తిరిగి, మీట తిప్పే కుర్రవాడు ఎక్కడో జనరేటరు దగ్గర. జనానికేం వినబడుతోందో పాడేవాడికి తెలియదు. తన గొంతు తనకే వినబడక అరుస్తాడు. అరిచినకొద్దీ కుర్రవాడు మీట పెంచుతాడు. పెట్టెలోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులో దూరి 'కూ' అని కూస్తుంది. నలభై ఏళ్ళు గొంతు సాధన చేసినవాడి పాట ఎలా వినబడాలో నిర్ణయించేది పాట తెలియనివాడు.

దీనికి మందు ప్రపంచం ఎప్పుడో కనిపెట్టింది. 2003లో బోస్ కంపెనీ ఎల్1 అనే సన్నని నిలువు స్తంభం లాంటి స్పీకరును విడుదల చేసింది. దాని వెనకున్న ఊహ సులువైనది: ప్రతి సంగీతకారుడికీ తన యంత్రం తనకుండాలి, అది అతని వెనకే ఉండాలి, శ్రోత వినేదే అతనూ వినాలి, మీట అతని దగ్గరే ఉండాలి. ఆ స్తంభం ఖరీదు మన గల్లీ గాయకుడికి అందేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఊహకు ఖరీదు లేదు. భుజాన వేలాడే మామూలు బ్యాటరీ పెట్టెతోనూ అదే పని జరుగుతుంది.

ఇక చట్టం. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళే హద్దు. లౌడుస్పీకరు వాడే బహిరంగస్థలం పొలిమేర దగ్గర ఆ హద్దుకు 10 మించిగానీ, మొత్తం మీద 75 మించిగానీ, ఏది తక్కువైతే దానికి మించి, మోత ఉండకూడదు. అంటే పగటిపూట 65. మామూలు సంభాషణే మీటరు దూరంలో 60 దాకా ఉంటుంది! పైగా గల్లీకి పొలిమేర అంటే ఇంటి గడపే. అలాంటప్పుడు డీజే బండీ నేరస్థురాలే, భుజాన పెట్టె వేసుకున్న ముసలి గాయకుడూ నేరస్థుడే. 2010 సవరణ రాత్రివేళ ఆరుబయట లౌడుస్పీకరుతో పాటు సంగీతవాద్యాన్ని కూడా అదే వరుసలో కూర్చోబెట్టింది. ఎవరూ పాటించలేని హద్దు పెడితే ఏమవుతుందో మనకు తెలియదా? ఎవణ్ణి వదలాలో ఎవణ్ణి పట్టాలో స్టేషను ఇష్టం. పలుకుబడి ఉన్నవాడి బండి సాగిపోతుంది, పేదవాడి పెట్టె స్టేషనులో కూర్చుంటుంది.

నేను కోరేవి మూడే. మొదటిది, అనుమతిలో "డీజే" అనే పేరును గాక, మోతను పుట్టించేది మనిషా రికార్డా అన్నది చూడాలి. మనుషులు పాడి, వాయించే చిన్న బృందానికి పగటిపూట పాటించదగ్గ హద్దు వేరుగా ఉండాలి. రెండవది, కొలత బండి దగ్గర కాకుండా ఇంటి గడప దగ్గర తీయాలి, తీసిన అంకె అక్కడే అందరికీ చూపించాలి. మూడవది, ఒక మనిషి మోయలేని స్పీకరు గల్లీలోకి రాకూడదు. మీటర్లు తెలియనివాడికి కూడా ఈ మూడవ నియమం అర్థమవుతుంది. మోసేవాడికి బరువు తెలుస్తుంది, బరువు తెలిసినవాడు హద్దు మీరడు.

ఆస్పత్రి పక్కన, పరీక్షల కాలంలో, రాత్రి పదింటి తరువాత చిన్న పెట్టె కూడా నోరు మూసుకోవలసిందే. అందులో నాకు రాజీ లేదు. కానీ నిశ్శబ్దం పేరుతో గాయకుణ్ణి గెంటేసి, నాలుగురోజుల తరువాత సిఫారసుతో డీజే బండిని తిరిగి రానిచ్చే ఊరిలో మిగిలేది నిశ్శబ్దమూ కాదు, సంగీతమూ కాదు. మీ ఊళ్ళో మీట ఎవరి చేతిలో ఉందో కాస్త గమనించి చెప్పండి.