కట్ట, తూము, అలుగు



కష్టసుఖములను సమముగా చూడవలెనని మనకు చెప్పనివారు లేరు. పురాణము చెప్పు శాస్త్రిగారు చెప్పుదురు, అత్తగారు చెప్పుదురు, ఆడుదాని నోరు మూయింపవలసివచ్చినపుడు మగవారును చెప్పుదురు. ఆ సమత్వమును ఎట్లు సాధింపవలెనో విప్పి చెప్పువారు మాత్రము అరుదు. ఈ నెల ఆ సంగతిని వేదాంతగ్రంథములనుండి గాక యొక చెరువు శాసనమునుండి విచారింపదలచితిని.

గిద్దలూరికి ఆగ్నేయమున కొమరోలు అను గ్రామము కలదు. పడమట నల్లమలలు, తూర్పున వెలికొండలు. నడుమ వానను నమ్ముకొని బ్రదుకు నేల. వాన తప్పిన యేడు త్రాగునీటికొరకు బిందెలు వరుస తీరును. కుండపోతగా కురిసిన యేడు వాగులు పొంగి చేలు కోసికొనిపోవును. ఆ సీమ గృహిణి ఈ రెంటిని నాలుగేండ్లలోపలనే చూచియుండును. కొమరోలునకు ఉత్తరమున కంభము, దక్షిణమున పోరుమామిళ్ల యున్నవి. ఆ రెండు చోట్లను పూర్వులు కట్టిన మహాతటాకములు గలవు. 2020వ సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ఈ రెండు చెరువులను ప్రపంచ వారసత్వ కట్టడములుగా గుర్తించిరి.

పోరుమామిళ్ల చెరువును 1369లో, విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడును, ఉదయగిరినుండి పాలించుచుండినవాడును అగు భాస్కర భవదూరుడు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని శాసనము చెప్పుచున్నది. అంతటితో నూరకుండక, మంచి చెరువునకు పండ్రెండు సాధనములును, ఆరు దోషములును గలవని యందు వివరించిరి. సాధనములలో ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్ర మెరిగినవాడు, గట్టి నేల, తియ్యని నీటి యేరు, కొండల నడుమ బిగువైన రాతికట్ట మొదలగునవి చేరినవి. దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. తరువాతివి చవుటి నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట. (ఆ పొలిమేర దోషమును చదివినపుడు పుట్టింటికిని అత్తవారింటికిని నడుమ చిక్కిన కోడలు నాకు జ్ఞప్తికి వచ్చినది, మీకును రాక మానదు.) మిగిలిన రెండు దోషములే మన కిప్పుడు ముఖ్యము. నేల విస్తారమై నీరు కొంచె మగుట యొకటి. నేల కొంచెమై నీరు విస్తార మగుట మరియొకటి.

బిందెడు నీటికై దేవుని మ్రొక్కుకొను సీమలో, నీరు ఎక్కువ యగుటయు దోషమే యని రాతిమీద చెక్కించినవారి బుద్ధిని మెచ్చుకొనవలదా? లేమిని దోష మనుట ఎవరికైనను తోచును. కలిమిని సైతము కొలత వేసి చూచుట అనుభవశాలురకే తోచును.

మన యిండ్లలో కలిమి వచ్చిన యేడు ఏమి జరుగుచున్నది? పంట చేతికి వచ్చి ధర పలికినచో, ఆ యేడే పిల్ల పెండ్లి, ఊరంతకు భోజనములు, ఇరుగు పొరుగువారి కంటె రెండు కాసులు మిన్నగా నగలు. మరుసటి యేడు వాన మొగము చాటువేసినపుడు ఆ నగలే తాకట్టునకు పోవును. సంతోషపడుట తప్పని నే ననుట లేదు. చెరువునకు తూము పెట్టినవాడు నీటిని ద్వేషించి పెట్టలేదుగదా! నేడు ఇంత, ఎల్లుండి ఇంత యని చేనికి వదలుటకే పెట్టెను. ఈ విషయమున మన స్త్రీలు మగవారికంటె ముందే మేలుకొనిరి. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో, దూబగుంట మొదలైన గ్రామముల యాడవారు సారా అంగళ్లను మూయింప పూనుకొనిరి; పిదప ఆ జిల్లాలోనే పొదుపు సంఘములు వెల్లివిరిసినవి. ఇంటి సొమ్మునకు తూము పెట్టుటన నదియే.

దుఃఖము సంగతి యింతకంటె చిక్కైనది. అచ్చట మనకు నేర్పిన విద్య యొక్కటే: కట్ట ఎత్తు పెంచుట. "భూదేవివలె ఓర్చుకొనుము" అందురు. కంభము చెరువును గుండ్లకమ్మ కడ్డముగా కొండల నడుమ, శ్రీకృష్ణదేవరాయల దేవియు, గజపతుల యాడపడుచును అగు వరదరాజమ్మ కట్టించెనని జనశ్రుతి. ఇరువదవ శతాబ్దారంభమున ఆ కట్ట యెత్తు 57 అడుగులనియు, దానిక్రింద 10,300 ఎకరములు సాగగుచుండె ననియు నాటి గెజెటీరు లెక్క. భర్త యాదరమునకు దూరమై ఆ రాణి కంభమున కాలము గడపె ననియు కొందరు చెప్పుదురు. చెప్పి, "చూచితిరా, దుఃఖమును దిగమ్రింగి చెరువు కట్టించినది" అని మనకు బుద్ధి గరపుదురు. ఆ కథ నిజమే యైనను, రాణిగారికి కొండలు, కూలీలు, ధనము నుండెను. మనలో పెక్కుమందికి దిగమ్రింగుట యొక్కటే మిగులును.

అదియునుగాక, కట్ట యెంత గొప్పదైనను చెరువును కాపాడునది అదియొక్కటే కాదు. కట్టకంటె పల్లముగా, ఒక ప్రక్కన, అలుగు కట్టుదురు. చెరువు నిండి పొంగినపుడు మిగులు నీరు ఆ దారిని వెడలిపోవును. అలుగు లేనిచో నీరు మట్టికట్టపైకి పొర్లును, పొర్లిన నీరు మట్టిని కోయును, తెల్లవారునప్పటికి గండి. అలుగు పారిననాడు మన యూళ్లలో ఆడవారు పసుపుకుంకుమలు కొనిపోయి గంగమ్మకు పూజ చేయుదురు. అది చెరువు బలహీనత యని యెవ్వరు నన్నట్లు వినలేదు. మరి ఇల్లాలు కంట నీరు పెట్టినచో మాత్రము, "పచ్చని యింట నీ యేడు పేల?" అందురేల?

ఇట్లన్నంతమాత్రమున, కట్ట తీసివేయు మనియు చెప్పజాలను. ఇంట నొకరు పోయిరని ఏండ్ల తరబడి పిల్లలకు పండుగ లేకుండ, క్రొత్తబట్ట లేకుండ చేసిన కుటుంబములును కలవు. నీరంతయు వెడలిపోయిన చెరువును చూచి యెవరికి లాభము? ఆ పిల్లలకు తల్లి యున్నను లేనట్లే. శాసనకర్త చెప్పిన రెండు దోషములలో నిది మొదటిదానిని పోలినది.

నిద్ర పట్టక, అన్నము సయింపక, బ్రదుకు వలదనిపించునంత భారమైనచో, దానిని ఓర్పునకు పరీక్షగా నెంచకుడు. జ్వరమునకు వైద్యుని పిలుచునట్లే దీనికిని పిలువవలెను. 2022 అక్టోబరునుండి ప్రభుత్వమువారు టెలీ మానస్ అను సహాయమును నెలకొల్పియున్నారు. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో తెలుగుననే మాటలాడవచ్చును. రుసు మేమియు లేదు. గడప దాటుటకు వీలులేని సోదరికి ఇది యొక అలుగు.

ఇక నొక్క సంగతి. కష్టమును సుఖమును ఒక్క వాకిటనే నిలుచు సందర్భము మనలో తరచుగా వచ్చును. ఇంటి యజమాని గతించిన యేడాదిలోపల కన్యాదానము చేసినచో పుణ్యమని, ఆ యింటి పిల్ల పెండ్లిని త్వరపెట్టుదురు. పందిరి వేయుదురు, మేళము పెట్టుదురు. తల్లి మాత్రము వెనుకటి గదిలో, తలుపు చాటున. నవమాసములు మోసి కన్న తల్లి పిల్ల మెడలో మంగళసూత్రము పడుట చూడరాదట! ఆమె దుఃఖమునకు మనము కట్ట కట్టితిమి. ఆమె సంతోషమునకును కట్టయే కట్టితిమి. తూము లేదు, అలుగు లేదు. ఇది శుభమెట్లగును? అశుభ మనునది యేదైన నున్నచో ఆ మూసిన తలుపులోనే యున్నది.

ఈ మాఘమాసమున మీ యింటనో, మీ చుట్టములయింటనో అట్టి పెండ్లి జరుగనున్నచో, పెద్దముత్తైదువులు మీరే పూనుకొనుడు. ముందునాడే పోయి ఆ తల్లిని పలుకరింపుడు. ఆమె భర్త పేరు తలచుకొని యేడ్చినచో ఏడ్వనిండు, వారింపకుడు. మరునాడు చేయి పట్టి పందిటిలోనికి తోడ్కొని వచ్చి, మీ ప్రక్కనే పీట వేయుడు. అక్షతల పళ్లెము తిరిగివచ్చినపుడు మొదట ఆమె ముందు నిలుపుడు.