బేరమాడాను సరే... ప్యాకింగు సంగతి?

మొన్నామధ్య నాకు సైకిలు పిచ్చి పట్టింది. (పొట్ట చూసి మా ఆవిడ పట్టించింది అనడం సబబు.) కొత్త గేర్ల సైకిలు కొనడానికి చెయ్యి రాలేదు. పాత సామాన్లు అమ్మే ఓ సైట్లో, పుణెలో చదువుకుంటున్న కుర్రాడిది దొరికింది. 11 వేలు చెప్తే గంటసేపు బేరమాడి 9 వేలకి దింపాను. ఆ పూట హైదరాబాదులో నా అంత తెలివైనవాడు లేడనుకోండి!

వారం తర్వాత, నేను ఆఫీసు కాల్‌లో ఉండగా అట్టపెట్టె వచ్చింది. ఓ మూల చిరిగిపోయి ఉంది. "తొందరగా సంతకం పెట్టండి సార్" అన్నాడు కొరియర్ అబ్బాయి. పెట్టేశాను. నేను చేసిన అసలు వెధవపని అదే.

విప్పి చూస్తే ఏముంది... వెనక గేర్లు మార్చే డిరెయిలర్ లోపలికి వంగిపోయింది. ముందు ఫోర్కు కాళ్ళు రెండూ దగ్గరకి నొక్కుకుపోయి చక్రం పట్టట్లేదు. ఒళ్ళు మండి ఆ కుర్రాడికి "నువ్వు మోసగాడివి" అని మెసేజి కొట్టాను. "పంపేటప్పుడు బాగానే ఉంది అంకుల్" అన్నాడు. మనం రోజూ టెస్టింగ్ వాళ్ళకి చెప్పే "నా మెషీన్లో బానే పనిచేస్తోందే" టైపు జవాబు! కొరియర్ వాళ్ళేమో "ప్యాకింగు మాది కాదు, పైగా మీరు సంతకం పెట్టారు" అని చేతులు దులిపేసుకున్నారు.

అసలు సంగతి మెకానిక్ చెప్పాడు. డిరెయిలర్‌ని పట్టుకుని ఉండే హ్యాంగర్‌ని కావాలనే మెత్తగా చేస్తారట, దెబ్బ తగిలితే అది వంగి ఫ్రేము బతకాలని. అందుకే పంపేటప్పుడు డిరెయిలర్ విప్పి లోపలికి కట్టాలి. ముందు చక్రం తీసేస్తే ఫోర్కు కాళ్ళ మధ్య ఓ ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టాలి. కొత్త సైకిళ్ళతో వచ్చే ఆ ముక్కని షాపువాళ్ళు చెత్తలో పడేస్తారు, అడిగితే ఊరికే ఇస్తారు! నాది స్టీలు ఫోర్కు కాబట్టి సరిచేశాడు. అల్యూమినియం అయితే మార్చాల్సిందేనట. హ్యాంగర్‌తో కలిపి బిల్లు 1,400.

నా గోల ఏంటంటే, మనం ధర దగ్గర గంట బేరమాడతాం, ప్యాకింగు గురించి ఒక్క ప్రశ్న అడగం. ఇంకో 500 ఇచ్చి "సైకిలు షాపులో ప్యాక్ చేయించి ఫొటోలు పంపు" అంటే ఈ తలనొప్పే ఉండేది కాదు. పెట్టె చిరిగి ఉంటే ఆ మాట రసీదు మీద రాసి, ఫొటో తీసుకుని, అప్పుడు సంతకం పెట్టండి. సొంత సైకిలు అమ్ముకునే కుర్రాడు వ్యాపారి కాదు, అతని మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడం కుదరదు. కానీ డబ్బు తీసుకుని సరుకు చేర్చే కొరియర్ సంస్థ సంగతి వేరు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇస్తేనే కేసుకి దారి ఉంటుంది. నేను ఇచ్చాను, చూద్దాం.

ఆ కుర్రాడు రిపేరు ఖర్చులో సగం ఇస్తానన్నాడు. వద్దన్నాను. తెలియక ప్యాక్ చేసిన వాణ్ణి మోసగాడన్నది నేను. సారీ చెప్పాను గానీ, ఇప్పటికీ సైకిలెక్కినప్పుడల్లా ఆ మెసేజే గుర్తొస్తోంది.