ఆయుధాల జాబితాలో మనిషి ఏ పేజీలో ఉన్నాడు?

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడ్డ రోజునుంచి మన పేపర్లు, టీవీలు ఆయుధాల జాతర పెట్టాయి. ఏ క్షిపణి ఎంత దూరం పోతుంది, ఏ ట్యాంకు బరువెంత, ఎవరి దగ్గర ఏముంది, ఎవరి దగ్గర ఏం లేదు, అంతా క్రికెట్ స్కోరు చదివినట్టు చదివారు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు జావెలిన్, హిమార్స్, షాహెద్ పేర్లు నోటికొచ్చాయి. పిల్లల్ని తప్పుపట్టేదేం లేదు, చూపించింది చూశారు. ఆ జాబితాలు మేమూ చదివాం. దేన్నయినా కిందినుంచి చూడ్డం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, వీటినీ అలాగే చూశాం. ట్యాంకు లోపల కూచున్నదెవరు, గుంత తవ్విందెవరు, గుండ్లు మోసిందెవరు అని వెతికాం.

ముందే ఒక మాట. దండెత్తింది రష్యా. తమ ఊళ్ళమీద బాంబులు పడుతుంటే ఉక్రెయిన్ జనం తిరగబడ్డారు. ఇద్దర్నీ ఒకే గాట కట్టే పని మేం చెయ్యం. మేం అడిగేది వేరే.

ఈ యుద్ధంలో మొదలు ఇరుపక్షాలూ పట్టుకొచ్చిన ఆయుధాలు ఒకే కొలిమిలోవి. టి-64 ట్యాంకు పుట్టింది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో. టి-72 పుట్టింది రష్యాలోని నిజ్నీ తగీల్‌లో. రెండూ సోవియట్ కార్మికుడి చెమటే. గ్రాడ్ రాకెట్ లారీలు, 152 మిల్లీమీటర్ల ఫిరంగులు, బీఎంపీ-2 బండ్లు, మిగ్-29 విమానాలు, ఎస్-300 క్షిపణులు అటూ ఉన్నాయి, ఇటూ ఉన్నాయి. ఎదుటి బండి ఎవరిదో ఆనవాలు దొరక్క సున్నం పట్టిన గోడమీద రాసినట్టు రష్యావాళ్ళు తమ బండ్లమీద జెడ్ అక్షరం పెద్దగా రాసుకున్నారు. ఉక్రెయిన్‌వాళ్ళు తెల్ల శిలువ గుర్తు వేసుకున్నారు. గుర్తు చెరిపేస్తే బండీ ఒకటే, లోపల ఉడికిపోయే మనిషీ ఒకటే.

నల్లసముద్రంలో రష్యా నౌకాదళానికి పెద్దదిక్కు మాస్క్వా అనే యుద్ధనౌక. దాన్ని కట్టింది ఉక్రెయిన్ రేవు పట్నం మికొలాయివ్‌లో. 2022 ఏప్రిల్ 14న దాన్ని ముంచింది కూడా ఉక్రెయినే, నెప్ట్యూన్ క్షిపణులతో. ఆ నెప్ట్యూన్‌కు మూలం మళ్ళీ ఒక సోవియట్ క్షిపణే. ఓడ పొడవెంతో, దానిమీద ఎన్ని క్షిపణులున్నాయో మన టీవీలు రాత్రంతా చెప్పాయి. ఓడలో ఉన్నోళ్ళ సంగతో? అందర్నీ దింపేశామని రష్యా సర్కారు మొదట చెప్పింది. కొడుకులకోసం తల్లిదండ్రులు గోల పెట్టాక, వారం దాటాక, ఒకరు చచ్చిపోయారు, 27 మంది కనిపించడం లేదు అంది. బలవంతపు సైనిక సేవ కింద పట్టుకొచ్చిన కుర్రాళ్ళు ఆ ఓడలో ఉన్నారు.

ఇదంతా ఎక్కడో మంచుదేశాల గొడవ అనుకునేవాళ్ళకు ఇంకో మాట. ఇరువైపులా కాలిపోయిన ఆ బీఎంపీ-2 బండినే మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో 'శరత్' పేరుతో చేస్తూ వచ్చారు. ట్యాంకులను కొట్టే కొంకుర్స్ క్షిపణి ఇద్దరి చేతుల్లోనూ ఉంది, దాన్ని రష్యా లైసెన్సు మీద హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారు చేసింది. మన యుద్ధనౌకలు కొన్నింటి ఇంజన్లు ఆ మికొలాయివ్‌నుంచే వచ్చాయి. అంటే అక్కడి జాబితా మన జాబితానే.

తర్వాత అమెరికా, యూరపు దేశాలు ఉక్రెయిన్‌కు ఆయుధాలు పంపడం మొదలుపెట్టాయి. వాళ్ళ ఫిరంగి గుండు 155 మిల్లీమీటర్లు. సోవియట్ గుండు 152. తేడా మూడు మిల్లీమీటర్లే, కానీ దీని గుండు దానికి ఎక్కదు. ఫిరంగి ఎవరిదగ్గర తీసుకుంటే గుండు కూడా వాళ్ళ కొట్లోనే తెచ్చుకోవాలి. విత్తనం ఇచ్చిన షావుకారి దగ్గరే మందు కొనాలి, పంట కూడా అక్కడే పొయ్యాలి అన్నట్టు. మన రైతుకూలీలకు ఈ వ్యాపారం కొత్తగా చెప్పే పని లేదు.

ఇక ఖరీదుల సంగతి. 2022 చలికాలానికి ముందు రష్యా ఇరాన్ షాహెద్-136 డ్రోన్లు దింపింది. రెక్కలు రెండున్నర మీటర్లు, బరువు 200 కిలోలు. దానికి మోటార్ సైకిల్ లాంటి ఇంజను, అందుకే ఉక్రెయిన్ జనం దాన్ని 'మోపెడ్' అని పిలిచారు. రాత్రిపూట టీవీఎస్ బండి శబ్దం వినపడిందంటే చావు వస్తున్నట్టు. దీని ఖరీదు 20 వేలనుంచి 50 వేల డాలర్ల మధ్య అని అంచనా కట్టారు. గాల్లోనే క్షిపణులను కూల్చే పేట్రియట్ గుండు ఒక్కోటి సుమారు 40 లక్షల డాలర్లు. కెమెరా చూసుకుంటూ దూరాన్నుంచి నడిపే నాలుగు పంకాల చిన్న డ్రోనయితే నాలుగైదు వందల డాలర్లకు అయిపోతుంది. మంచి సెల్‌ఫోను ఖరీదు. దానికి ఒక పేలుడు ముద్ద కట్టి, గుంతలో దాక్కున్న ఒక్క మనిషిని వెంటాడి చంపారు. ఒక మనిషిని చంపడానికి ఒక యంత్రం ఖర్చుపెట్టినా గిట్టుబాటే అయ్యేంతగా యంత్రం చౌకయ్యింది.

మరి మనిషి? 2024 జూలై 31న పుతిన్ ఒక ఉత్తర్వు వేశాడు. సైన్యం కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాడికి మాస్కో ప్రభుత్వం ఇచ్చే రొక్కాన్ని ఒక లక్షా 95 వేల రూబుళ్ళనుంచి 4 లక్షలకు పెంచాడు. అప్పటి మారకంలో ఒక్క పేట్రియట్ గుండు డబ్బుతో ఎనిమిది వందలమందికి పైగా సంతకం రొక్కం ఇయ్యొచ్చు. రేటు కట్టినప్పుడు ఎవరొస్తారు? మాస్కో పెద్దింటి బిడ్డలు రారు. బుర్యాతియా, తువా లాంటి పేద ప్రాంతాలనుంచి వస్తారు. జనాభాతో పోల్చి చూస్తే మాస్కోకంటే ఆ ప్రాంతాల శవపేటికలే ఎక్కువ. అదీ చాలక వాగ్నర్ కిరాయి సైన్యం జైళ్ళకు పోయింది. ఆరు నెలలు పోరాడితే శిక్ష మాఫీ అంది. ఆ సైన్యం యజమాని ప్రిగోజిన్ 2023 మేలో తన నోటితోనే చెప్పాడు, బఖ్ముత్ అనే ఒక్క ఊరి కోసం తన మనుషులు 20 వేలమంది చచ్చారని, అందులో సగం ఖైదీలని. ముందు వాళ్ళను తోలి, వాళ్ళమీద ఎక్కడినుంచి కాల్పులొస్తాయో చూసి, అక్కడ ఫిరంగి పేల్చారు. దాన్ని ఆయుధం అనక ఏమనాలి? ఏ జాబితాలోనూ రాయలేదు.

ఉక్రెయిన్‌లో న్యాయం ఉన్నంతమాత్రాన గొయ్యి అందరికీ సమానంగా పంచలేదు. డబ్బులు తీసుకుని సైన్యంనుంచి తప్పిస్తున్నారని 2023 ఆగస్టులో జెలెన్‌స్కీ ప్రాంతీయ సైనిక భర్తీ కేంద్రాల అధిపతులను మొత్తానికి మొత్తం పీకేశాడు. డబ్బున్నోడు సర్టిఫికెట్ కొనుక్కున్నాడు. లేనోడు బూట్లు తొడుక్కున్నాడు.

ఆ షాహెద్ డ్రోన్లను తర్వాత రష్యా సొంతంగా తాతార్‌స్తాన్‌లోని అలాబుగాలో తయారు చేసింది. అక్కడ బిగించే చేతులెవరివో తెలుసా? ఉగాండా, రువాండా, కెన్యా లాంటి ఆఫ్రికా దేశాలనుంచి తెచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ఆడపిల్లలవి. హోటలు పని, వంట పని, చదువు అని చెప్పి తెచ్చారు. దిగాక డ్రోన్ల పనిలో పెట్టారు. అసోసియేటెడ్ ప్రెస్ 2024 అక్టోబరులో ఈ సంగతి బయటపెట్టింది.

ఈ పద్ధతి మనకు తెలీందేం కాదు. 2023, 24లో ఏజెంట్లు మన కుర్రాళ్ళను కూడా ఇట్లాగే పట్టుకుపోయారు. సెక్యూరిటీ గార్డు, హెల్పరు ఉద్యోగం, జీతం లక్ష పైన, యుద్ధంలోకి పంపరు. హైదరాబాద్ కుర్రాడు పోయాడు, నారాయణపేట కుర్రాడు పోయాడు, గుజరాత్, కర్ణాటక, పంజాబ్ పిల్లలు పోయారు. అక్కడ దిగాక రష్యన్‌లో ఉన్న కాగితం ముందు పెట్టి సంతకం పెట్టించుకున్నారు. తర్వాత తుపాకి ఇచ్చారు. గుంతలు తవ్వడం, తూటాల పెట్టెలు మోయడం, ముందు వరసలో నిలబడ్డం. హైదరాబాద్ కుర్రాడు చచ్చిపోయాడని 2024 మార్చిలో మన రాయబార కార్యాలయం చెప్పింది. నారాయణపేట కుర్రాడు ఆ సెప్టెంబరులో ప్రాణాలతో ఇల్లు చేరాడు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క: రష్యా సైన్యంలో చేరినవాళ్ళు 126 మంది, వెనక్కొచ్చింది 96, చచ్చిపోయింది 12, జాడ తెలియంది 16.

మా తాతలు చదువు రాక దొర రాయించిన కాగితం మీద వేలిముద్ర వేశారు. నూరు రూపాయల అప్పుకు కొడుకును పాలేరుగా రాసిచ్చామని తెలిసేసరికి వాడి కొడుకు కూడా ఎదిగాడు. అందుకే మమ్మల్ని పస్తులుండి చదివించారు. మేము మా పిల్లలకు తెలుగు నేర్పాం, ఇంగ్లీషు నేర్పాం. డిగ్రీ పట్టా జేబులో పెట్టుకున్న పిల్లాడు ఉద్యోగం దొరక్క, మూడు లక్షలు అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, చదవలేని కాగితం మీద సంతకం పెట్టే రోజొచ్చింది. వడ్డీ ఆగలేదు. అప్పిచ్చినోడికి యుద్ధంతో పనిలేదు.

మేము సైన్యంలో చేరడాన్నే తప్పంటున్నామని ఎవరూ అనుకోవద్దు. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు, సైనిక బడిలో పంతులు. ఆ సైనిక కొలువే ఆ ఇంట్లోకి అక్షరాన్ని తెచ్చింది. 1890లలో బ్రిటిష్‌వాళ్ళు మహర్ల భర్తీ ఆపేస్తే ఆ తలుపు తిరిగి తెరిపించడానికి అంబేద్కర్ కొట్లాడాడు, 1941లో మహర్ రెజిమెంటు లేచింది. ఆ కొలువులో పింఛను ఉంది, పేరు రాసుకునే రిజిస్టరు ఉంది, చస్తే ఇంటికి కబురు వస్తుంది. రష్యా గుంతలో మనోడికి ఏముంది? వాడు ఏ సైన్యానికి చెందినవాడో తేల్చుకోవడానికే రెండు ప్రభుత్వాలకు నెలలు పట్టింది.

ఢిల్లీని మేం అడుగుతున్నాం. జాడ తెలియలేదన్న ఆ 16 మంది పేర్లు, ఊళ్ళు బయటపెట్టాలి. చనిపోయినోళ్ళ కుటుంబాలకు రష్యా ఇవ్వాల్సిన సొమ్ము ముక్కు పిండి ఇప్పించాలి. 2024 మార్చిలో సీబీఐ పెట్టిన కేసులో ఎంతమంది ఏజెంట్లకు శిక్ష పడిందో చెప్పాలి. చిన్న ఏజెంట్లు కాదు, మాస్కోలో కూచుని కమీషన్ తిన్నోళ్ళ సంగతి.

తమ్ముళ్ళకు ఒకటి. ఏ దేశమైనా సరే, హెల్పరు ఉద్యోగమని ఎవడైనా కాగితం తెస్తే పాస్‌పోర్టు చేతికియ్యకముందు ఆ కాగితం నకలు తీసుకుని మా దగ్గరికి రండి. మేమూ చదవలేకపోవచ్చు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ రష్యన్ చెబుతారు. చదివి చెప్పేవాళ్ళను వెతుకుదాం. బస్సు చార్జీలు మేం చూసుకుంటాం.