సంఘం సర్వర్‌కు ఎవరి తాళం వారిదే కావాలి



మన సభ్యుల పట్టిక, చందా లెక్కలు, పెళ్ళిసంబంధాల జాబితా ఇప్పుడు బీరువాలో లేవు. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో ఉన్నాయి. దాని పాస్‌వర్డ్ కమిటీ వాట్సాప్ గ్రూపులో ఉంది. కమిటీలు మారినా పాస్‌వర్డ్ మారలేదు. మన ఆడపిల్లల జాతకాలు, ఫోన్ నంబర్లు ఉన్న చోటికి ఇలాంటి కాపలానా?

రైల్వేలో గుమాస్తా పని చేసిన మాకు ఇది మింగుడుపడదు. అక్కడ బదిలీ అయితే తాళాలు లెక్కపెట్టి అప్పగించి, సంతకం పెట్టి కదలాలి.

ఎస్ఎస్‌హెచ్ ఇలాంటి బెంగలోంచే వచ్చింది. అంతకుముందు టెల్నెట్‌లో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీది రాతలా బయటికి కనబడేది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు కాజేశాక, 1995లో టాటు ఇలోనెన్ దీన్ని రాశాడు.

ఎస్ఎస్‌హెచ్-కీజెన్ అని కొడితే రెండు ఫైళ్ళు వస్తాయి. ఒకటి తాళంకప్ప లాంటిది, ఇంకొకటి తాళంచెవి. కప్పను సర్వర్‌కు తగిలిస్తాం, చెవి మన లాప్‌టాప్ దాటదు. ఒక్కొక్కరికీ వేరే కప్ప, ఏది తెరిచినా తలుపు తెరుచుకుంటుంది. ఒకరు పదవి దిగితే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో వారి వరుస ఒకటి తీసేస్తే సరి, మిగతావాళ్ళకు ఇబ్బంది లేదు. చెవికి పాస్‌ఫ్రేజ్ కూడా పెట్టుకుంటే లాప్‌టాప్ పోయినా కొంత నిబ్బరంగా ఉండవచ్చు.

మొదటిసారి కలిపినప్పుడు సర్వర్ వేలిముద్ర చూపి, నమ్మవచ్చా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే 'యెస్' కొడతారు. సంబంధం విచారించకుండా తాంబూలాలు మార్చుకోవడమే అది! క్లౌడ్ కంపెనీ కన్సోల్‌లో చూపే ముద్రతో సరిపోల్చాకే కొట్టాలి. తర్వాత ఎప్పుడైనా ముద్ర మారిందని హెచ్చరిస్తే అక్కడే ఆగి, సర్వర్ చూసుకునేవారిని అడగాలి.

పెద్దవాళ్ళకు ఈ నల్లతెర ఎందుకని కుర్రవాళ్ళు అంటున్నారు. నాయనా, రిజర్వేషన్ కౌంటర్లలో ఉన్నదీ అక్షరాల తెరే. తమిళ బడిలో చదివిన మేమే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు వరుసలు చదువుతున్నాం.

అందరి తాళాలూ పనిచేశాక పాస్‌వర్డ్ దారి మూసేయాలి. మూసేటప్పుడు తెరిచిన కిటికీని అలాగే ఉంచి, ఇంకో కిటికీలోంచి లోపలికి వెళ్ళి చూడాలి. లేకుంటే అందరమూ వాకిట్లోనే నిలబడతాం. వచ్చే సమావేశానికి కమిటీవారు లాప్‌టాప్ తెచ్చుకోండి. చెవి ఫైల్‌ను మాత్రం ఎవరికీ పంపకండి, మాకు కూడా.