పిల్లల మనోగాయాలకు వీడియో వైద్యం: దూరం తీరింది, చాటు ఏది?

విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది. భయంతో చెదిరిన పసి మనసు ఏ ఎక్స్‌రేలోనూ కనిపించదు. కళ్లెదుటే ఘోర ప్రమాదం చూసిన పిల్లవాడు, అల్లర్లలో ఇల్లు తగలబడిన బాలిక, అయినవారి చేతిలోనే లైంగిక హింసకు గురైన బిడ్డ నెలల తరబడి నిద్రలో ఉలిక్కిపడవచ్చు, పక్క తడపవచ్చు, బడి మానేయవచ్చు. మనం మాత్రం దిష్టి తగిలిందంటాం. లేదంటే మొండితనమని నాలుగు తగిలిస్తాం.

ఈ గాయానికి చికిత్స ఉంది. అమెరికాలో జూడిత్ కోహెన్, ఆంథొనీ మన్నరినో, ఎస్తేర్ డెబ్లింగర్ అనే నిపుణులు రూపొందించిన పద్ధతిలో మాటే మందు. సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు జరుగుతాయి. భయం ముంచుకొచ్చినపుడు ఊపిరి నిలకడ చేసుకోవడం, 'తప్పు నాదే' అన్న ఆలోచనను సరిదిద్దుకోవడం, చివరకు జరిగినది బెదరకుండా చెప్పగలగడం బిడ్డ మెట్టుమెట్టుగా నేర్చుకుంటుంది. తల్లికో, తండ్రికో కూడా అందులో పాత్ర ఉంటుంది.

అయితే ఇలాంటి నిపుణులు ఉండేది పెద్ద పట్టణాల్లోనే. ఇది అమెరికాలోనూ ఉన్న సమస్యే. దక్షిణ కరోలినా వైద్య విశ్వవిద్యాలయం వారు పల్లెటూళ్లలోని పేద, మైనారిటీ కుటుంబాల పిల్లలకు ఇదే చికిత్సను వీడియో కాల్ ద్వారా అందించారు. పిల్లలు తమ బడి నుంచో, ఇంటి నుంచో మాట్లాడారు. స్పానిష్ తెలిసిన వారికి స్పానిష్‌లోనే చికిత్స జరిగింది. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం 70 మందిలో 88.6 శాతం చికిత్స పూర్తి చేశారు. పూర్తి చేసినవారిలో 96.8 శాతం మందికి ఆ రుగ్మత లక్షణాలు నిర్ధారణ స్థాయికి దిగువకు తగ్గాయి. చికిత్స పొందని మరో బృందంతో పోల్చి చూసిన పరీక్ష కాదు గనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోలేం. అయినా తెర మీద మాట్లాడితే పిల్లల మనసు విప్పుకోదన్న అనుమానానికి ఇది గట్టి జవాబే.

మన దేశంలో 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ సేవ ప్రారంభమైంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మంచి ప్రారంభమే. కానీ ఆపదవేళ ఒక ఫోన్ కాల్ వేరు, ఒకే నిపుణునితో వారం వారం సాగే చికిత్స వేరు. మొదటిది రెండవదానికి దారి చూపాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఒకే గదిలో ఆరుగురు కాపురముండే ఇంట్లో, అందరికీ ఒకటే ఫోనున్న చోట, దాదీ, ఖాలా, ఇరుగుపొరుగు చెవులు రిక్కించి వింటుంటే ఆడపిల్ల తన గోడు ఎలా చెప్పుకుంటుంది? 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్‌తో పాటు ఒక పెద్ద ఉండాలి. ఆ నిబంధన బిడ్డ రక్షణ కోసమే. కానీ గాయం చేసినవాడే ఆ పక్కన కూర్చుంటే? అప్పుడు ఫోను తెర వైద్యం కాదు, మరో కాపలా అవుతుంది.

వీడియో కాల్ దూరాన్ని తగ్గించగలదు గాని చాటును ఇవ్వలేదు. అది ఇవ్వవలసింది మనమే. బడిలో ఒక గది, మదరసాలో ఒక మూల, మహల్లా కమిటీ ఆఫీసులో వారానికి ఒక గంట, తలుపు వేసుకునే వీలు, బిడ్డ నమ్మిన ఒక పెద్ద మనిషి బయట కూర్చోవడం. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. లోపల జరిగిన మాట బయటకు పొక్కనివ్వని నిజాయితీ మాత్రం కావాలి. బిడ్డ ప్రమాదంలో ఉందని తెలిస్తే 1098కి చెప్పే ధైర్యమూ కావాలి. లైంగిక హింస విషయంలో పోలీసులకు తెలపడం 2012 పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత కూడా.

పరువు పోతుందని దాచిన గాయం మానదు, బిడ్డతో పాటే పెరుగుతుంది. పెళ్లి సంబంధాలు చెడతాయని మూసిన తలుపును బిడ్డ మాట్లాడుకోవడం కోసం మూద్దాం.